పాత స్కార్పియో తాగే డీజిల్ ఎక్కడికి పోతోంది?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. 2011 మోడల్ స్కార్పియో, 2.2 ఎంహాక్ ఇంజన్, మొదట్లో లీటరుకు 12 కిలోమీటర్ల దాకా ఇచ్చేది, ఇప్పుడు 9కి పడిపోయింది, షెడ్డులో చూపిస్తే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలన్నారు. ఇదే కదా సంగతి? ఇంజెక్టర్ల మీద చెయ్యి వేయనివ్వకు. అసలు తప్పు అక్కడే ఉండొచ్చు, కాదనను. కానీ అది అన్నిటికన్నా ఖరీదైన అనుమానం. ఖర్చులేని అనుమానాలన్నీ తీరాక గానీ దాని దగ్గరికి వెళ్ళకూడదు.

ముందు ఆ 9 అన్న అంకె సంగతి తేలుద్దాం. ఆర్టీసీ గ్యారేజీలో ఉన్నన్నాళ్ళూ మా నెత్తిన కూర్చున్న మాట కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. ఏ బస్సు ఎంత తాగింది, ఏ డ్రైవరు ఎంత తెచ్చాడు అని లెక్క ఉండేది. తగ్గిన బస్సు గ్యారేజీకి వచ్చేది. పానా పట్టేముందు మేం అడిగే మొదటి మాట మాత్రం "లెక్క సరిగ్గా రాశారా" అన్నదే. నువ్వేమో వెయ్యి రూపాయలకు కొట్టించి, ముల్లు కిందికి దిగేదాకా తిరిగి, కిలోమీటర్లను లీటర్లతో భాగించానంటున్నావు. ఆ లెక్క పనికిరాదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, మొదటిసారి గన్ దానంతట అది ఆగేదాకా కొట్టించు. ఆ తర్వాత బంకు కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోస్తానంటే వద్దను. బండి కిలోమీటర్ల మీటరు రాసుకో. కనీసం 400 కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అక్కడే అలాగే నింపించు. ట్యాంకు పట్టేది 60 లీటర్లు కాబట్టి మధ్యలో ఆగాల్సిన పనిలేదు. నింపడంలో 2 లీటర్ల తేడా వచ్చిందనుకో, 10 లీటర్ల లెక్కలో అది 20 శాతం, 40 లీటర్ల లెక్కలో 5 శాతమే. అందుకే ఎక్కువ దూరం చూడమంటున్నాను. బంకు కొలత మీదే అనుమానముంటే 5 లీటర్ల కొలత పాత్రలో కొట్టి చూపించమని అడుగు. అది అక్కడ ఉండి తీరాలి, అడిగే హక్కు నీకుంది.

ఇంకో లెక్క నీ టైర్లది. నువ్వు పంపిన ఫోటోలో లావు టైర్లు కనిపించాయి. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చింది 235/70 ఆర్16. పాత ఓనరు షోకు కోసం 245/75 వేయించి ఉంటే, ఆ టైరు దాదాపు 5 శాతం పెద్దది. బండి నిజంగా 100 కిలోమీటర్లు తిరిగితే మీటరు 95 చూపిస్తుంది. నీ తొమ్మిదిలో అర కిలోమీటరు అక్కడే మాయమైంది. పైగా బరువైన టైరును ప్రతి సిగ్నల్ దగ్గరా కొత్తగా తిప్పాలి కాబట్టి నిజంగా కూడా కొంత ఎక్కువే తాగుతుంది. టైరు పక్కన అచ్చు వేసిన నంబరు చూసి నాకు పంపు.

లెక్క సరిచూశాక కూడా 9, 10 దగ్గరే ఆగితే, అప్పుడు నువ్వు గుర్తు తెచ్చుకోవాల్సింది ఒకటుంది. మైలేజీ నెలల తరబడి మెల్లగా జారిందా, ఒక వారంలో దబ్బున పడిందా? మెల్లగా జారితే అరుగుదల, మురికి, గాలి, బిగిసిన బ్రేకుల లాంటివి. దబ్బున పడితే ఏదో పైపు చిరిగింది, ఏదో సెన్సర్ పోయింది, లేదా ఏదో రిపేరులో ఎవరో ఏదో మార్చారు. "దానికి ముందు బండి షెడ్డుకు ఎందుకెళ్ళింది" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. నీ మెసేజ్‌లో ఎండాకాలంలో వేడెక్కితే రేడియేటర్ పని చేయించానని ఓ ముక్క రాశావు. నాకు ముందు దాని మీదే అనుమానం. ఆ సంగతి కిందకొస్తాను.

నీ తిరుగుడు కూడా చెప్పాలి. కొత్తగూడెం నుంచి పాల్వంచ దాకా పోయి రావడం, పిల్లల్ని స్కూల్లో దింపడం, బయట ఏసీ వేసుకుని ఎదురుచూడటం. డీజిల్ ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ప్రయాణం అయిపోతోంది. ఏసీతో ఊరికే నిలబెట్టినా ఆ ఇంజన్ గంటకు లీటరుకు అటూ ఇటూ తాగుతుంది, మైలేజీ మాత్రం సున్నా. దాదాపు పద్దెనిమిది వందల కిలోల బండి ఇలాంటి వాడకంలో 10 ఇస్తే దాన్ని జబ్బు అనలేం. అందుకే ఊళ్ళో లెక్క వేరు, ఖమ్మం రోడ్డు లెక్క వేరు రాయి. రోడ్డు మీద 80లో పోతే 13 ఇచ్చే బండి 110లో పోతే ఇవ్వదు, అంత ఎత్తైన బండికి గాలి గోడలా అడ్డుపడుతుంది. పైన ఖాళీ క్యారియర్ ఉంటే విప్పెయ్యి. ముందు అదనంగా బిగించిన ఇనుప బంపర్ గార్డు ఉంటే అది కూడా. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది, చలానా మిగులుతుంది, బరువూ తగ్గుతుంది.

ఇప్పుడు బండి సంగతి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. బంకు దగ్గర గాలి కొట్టే అతను అన్ని బండ్లకూ ఒకే అంకె పెడతాడు, వాడి మాట వినకు.

బ్రేకులు పట్టుకుని ఉండటం పాత బండ్లలో చాలా మామూలు, మెకానిక్‌లు చాలామంది మైలేజీ ఫిర్యాదు అనగానే బానెట్ ఎత్తుతారు గానీ చక్రాల వైపు చూడరు. ముందు చక్రాల్లో బ్రేక్ ప్యాడ్‌ను నొక్కే కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి ప్యాడ్ వెనక్కి రాదు. వెనక డ్రమ్ములో హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగిసిపోతుంది. ఇలా చూడు: పాతిక కిలోమీటర్లు మామూలుగా పోయి, చివర్లో గట్టిగా బ్రేక్ కొట్టకుండా మెల్లగా ఆపు. దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టు, ముట్టుకోకు, దగ్గరగా పెడితే చాలు. ఒక వైపు చక్రం దాని జోడీ కన్నా బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. తర్వాత జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి చూపించుకో. ఇంకో పరీక్ష: ఎవరూ లేని చదునైన రోడ్డు మీద 40లో న్యూట్రల్ చేసి ఎంత దూరం దొర్లుతుందో చూడు, రెండు వైపులా చూడు, గాలివాటం తెలుస్తుంది. ఇంజన్ మాత్రం ఆపొద్దు, ఆపితే బ్రేకూ స్టీరింగూ బిగిసిపోతాయి.

ఆ తర్వాత గాలి. మీ ఊళ్ళో బొగ్గు లారీల వెనక రోజూ తిరిగేవాడివి, ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. తీసి చూడు, నల్లగా ఉంటే మార్చెయ్. గాలి కొట్టి మళ్ళీ పెట్టొద్దు, కాగితం చిరిగితే ఆ దుమ్ము నేరుగా, ఇంజన్‌కు గాలిని ఒత్తిడితో పంపే టర్బోలోకి పోతుంది.

టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు హోసులు ఉంటాయి. పదిహేనేళ్ళ రబ్బరు కదా, అడుగు భాగంలో సన్నగా పగులుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలియదు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో ఒత్తిడి పెరిగితేనే పగులు తెరుచుకుని సుయ్‌మని శబ్దం వస్తుంది, పికప్ చస్తుంది, వెనక నల్లటి పొగ వస్తుంది. నువ్వు పికప్ కోసం ఇంకా తొక్కుతావు, డీజిల్ ఇంకా పోతుంది. హోసు కింద చేత్తో తడిమితే జిడ్డుగా ఆయిల్ తగులుతుంది, క్లిప్పుల దగ్గర కూడా. ఇంజన్ చల్లారాకే తడుము. టర్బోను అదుపు చేసే సన్నటి వాక్యూమ్ పైపులు కూడా గట్టిపడి ఊడుతుంటాయి, అవీ చూపించు. పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా ఇవే లక్షణాలు. దాన్ని శుభ్రం చేయించు. "రేకు పెట్టి మూసేద్దాం సార్, మైలేజీ పెరుగుద్ది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు, అది పొగ తగ్గించడానికి పెట్టిన వస్తువు, మూయడం చట్టానికీ విరుద్ధం.

పొగ రంగు గుర్తుంచుకో. నలుపు అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఇంజన్ వేడెక్కాక కూడా తెలుపు ఆగకపోతే డీజిల్ కాలకుండా పోతోంది, లేదా ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి వస్తోంది. నీలం అంటే ఇంజన్ ఆయిల్. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉత్త కాగితమని అనుకోకు. దాని మీద డీజిల్ బండికి పొగ ఎంత దట్టమో చెప్పే హెచ్‌ఎస్‌యూ అని ఒక అంకె ఉంటుంది, బీఎస్-4 పొగ నిబంధనల బండికి 50 దాటకూడదు, అంతకు ముందువాటికి 65. నిజంగా గొట్టంలో ప్రోబ్ పెట్టి కొలిచే చోటికి వెళ్ళి, పాత అంకెతో పోల్చు.

ఇక ఆ రేడియేటర్ రిపేరు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు థర్మోస్టాట్. ఇంజన్ వేడి 80, 90 డిగ్రీల మధ్యకు రాగానే అది తెరుచుకుంటుంది. మన ఎండలకు బండి వేడెక్కిందంటే చాలు, కొందరు మెకానిక్‌లు దాన్ని పీకి పారేస్తారు. వేడెక్కడం ఆగిపోతుంది, కస్టమర్ సంతోషిస్తాడు. కానీ అప్పటి నుంచి ఇంజన్ ఎప్పుడూ చలిలోనే పనిచేస్తుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని బండిలోని కంప్యూటర్ దానికి తగ్గట్టు డీజిల్ పోస్తుంది, ఆయిల్ చిక్కగానే ఉండి రాపిడి పెరుగుతుంది. పైగా అరుగుదల. వాల్వు ఉండి కూడా తెరుచుకుని ఇరుక్కుపోతే ఇదే కథ. నీ టెంపరేచర్ ముల్లు ఖమ్మం రోడ్డు మీద మామూలుగా ఉండే చోటు కన్నా కిందికి దిగుతోందా, గమనించి చెప్పు. కొత్త థర్మోస్టాట్ ధర ఒక ఇంజెక్టర్ ధరలో చిన్న ముక్క కూడా కాదు. వేడెక్కడానికి అసలు కారణం ఇంకోటి ఉండి ఉంటుంది, రేడియేటర్ మూసుకుపోవడమో, ఫ్యాన్ పట్టు సడలడమో. అది వెతికించు.

ఇవన్నీ తేలాక డీజిల్ దారి. ఫిల్టర్ ఎప్పుడు మార్చావో గుర్తులేకపోతే మార్చు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున తడి ఉందేమో చూడు. ఆయిల్ డిప్‌స్టిక్ మీద మట్టం వాడేకొద్దీ తగ్గాలి. పెరుగుతోందంటే డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది, అప్పుడు బండి తిప్పకుండా షెడ్డుకు చేర్చు. క్లచ్ జారుతోందేమో కూడా చూసుకో, ఎక్కుడులో నాలుగో గేరులో తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ వేగం రాదు.

అప్పటికీ ఇంజెక్టర్లేనంటే రిటర్న్ టెస్ట్ అడుగు. నాలుగు ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను నాలుగు చిన్న సీసాల్లో పట్టి పోలుస్తారు. ఒక సీసా మిగతా వాటి కన్నా బాగా నిండితే ఆ ఒక్కటే చెడింది. దాన్ని డీజిల్ ల్యాబ్‌లో బెంచ్ మీద పెట్టించి, రిపోర్టు కాగితం చేతికి తీసుకో. కొత్తది వేస్తే దాని మీదున్న కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ వేసి కూడా అదే మైలేజీ, పైగా కొత్త శబ్దం. స్కానర్ లేని షెడ్డులో ఈ పని చేయించకు. ట్యాంకులో పోసే మైలేజీ సీసాలు, పైపుకు తగిలించే అయస్కాంతాలు కొనాలనిపిస్తే ఆ డబ్బుతో పిల్లలకు ఏమైనా కొనిపెట్టు.

డబ్బు లెక్క కూడా వేసుకో. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగితే 9 మైలేజీకి 167 లీటర్లు, 12కి 125 లీటర్లు. తేడా 42 లీటర్లు, లీటరు వంద దగ్గర పట్టుకుంటే నెలకు నాలుగు వేల పైమాటే. థర్మోస్టాట్, హోసు, బ్రేకు పని అన్నీ కలిపినా కొద్ది నెలల్లో తిరిగొస్తాయి. నాలుగు ఇంజెక్టర్లయితే ఆర్‌సీ ముందు పెట్టుకుని ఆలోచించు. రిజిస్ట్రేషన్ అయిన తేదీ నుంచి 15 ఏళ్ళే గడువు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవాలి. బండి ఉంచుకుంటావా, అమ్ముతావా తేల్చుకోకుండా అంత ఖర్చు పెట్టకు.

ట్యాంకు ఫుల్ చేసిన రెండు బిల్లులూ, మీటరు అంకెలూ పట్టుకుని ఈ శనివారం సాయంత్రానికి ఖమ్మం వచ్చెయ్. రాత్రి మా ఇంట్లోనే పడుకో. థర్మోస్టాట్ పరీక్ష చల్లటి ఇంజన్ మీదే చేయాలి. పొద్దున్నే నువ్వు స్టార్ట్ చెయ్యి, నేను రేడియేటర్ పై గొట్టం పట్టుకుంటాను. మొదటి నిమిషం నుంచే అది మెల్లగా వెచ్చబడితే లోపల వాల్వు లేదు, లేదా ఇరుక్కుంది. చల్లగానే ఉండి ఉండి ఒక్కసారిగా కాలితే వాల్వు బాగుంది, అప్పుడు చక్రాలు ఎత్తుదాం. జాకీ తెచ్చుకో, నా దగ్గరున్నది నీ బండి ఎత్తలేదు.

ఇట్లు,
మామయ్య