మూడు ఇంజెక్షన్లు మార్చినా తగ్గని పొదుగువాపు

ప్రశ్న: మా గేదెకు వెనక కుడి చన్నులో పాలు విరిగి తునకలుగా వస్తున్నాయి. మందుల షాపులో చెప్పినట్టు ఇరవై రోజుల్లో మూడు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించాను. రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. మందులు నకిలీవేమో. ఇంకా బలమైన మందు చెప్పండి.

జవాబు: మందు నకిలీదని నేననుకోను. ఏ బ్యాక్టీరియానో తెలియకుండా మందులు మార్చారు, కాస్త తగ్గగానే ఆపేశారు. నాలుగో ఇంజెక్షన్ వేయించకండి. ముందు పాల పరీక్ష చేయించండి.

శాంపిలు తీసే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. చన్ను కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మొదటి మూడు నాలుగు ధారలు వదిలేయండి. 70 శాతం ఆల్కహాల్‌లో తడిపిన దూదితో, దూదికి మురికి అంటనంత వరకు చనుమొన తుడవండి. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) సీసాను ఏటవాలుగా పట్టి 5 నుంచి 10 మి.లీ. పితకండి. మూత లోపలివైపు వేలు తగలకూడదు. ఐస్‌లో పెట్టి 24 గంటల్లోపు చేర్చండి. వాడిన మందులు, తేదీలు చీటీ మీద రాయండి.

మందు ఒంట్లో ఉండగా తీస్తే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, అందుకే ఆపిన వారం తర్వాత తీయడం మేలు. జ్వరం వచ్చినా, మేత మానేసినా, పొదుగు గట్టిపడినా మాత్రం ఆగకండి. ఆ రోజే పశువైద్యుణ్ని పిలిచి, ఆయన మందు వేసేముందే శాంపిలు తీయించండి.

ల్యాబ్‌లో పాల నుంచి పెంచిన బ్యాక్టీరియాను ముల్లర్-హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పళ్లెం మీద పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. పనిచేసే మందు చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. మొత్తం రెండు మూడు రోజులు పడుతుంది.

రిపోర్టు షాపులో చూపించకండి. "పెద్ద వలయం ఉన్న మందే వేయించు" అంటారు, అది తప్పు. ఒక్కో మందు అగార్‌లో ఒక్కో దూరం పాకుతుంది. పొదుగువాపు తెచ్చే స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మీద జెంటామైసిన్ మందుకు 15 మి.మీ. వలయం వస్తే చాలు. సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల బిళ్లకు 21 మి.మీ. వచ్చినా నిరోధకతే, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగదు, అప్పుడు పెన్సిలిన్ జాతి మందులేవీ పనికిరావు. పైగా ఈ బ్యాక్టీరియా పొదుగు కండలో దాక్కుంటే, పళ్లెంలో పనిచేసిన మందు కూడా గేదెలో చాలకపోవచ్చు. ఏ మందు, ఎన్ని రోజులన్నది పశువైద్యుడే నిర్ణయించాలి, ఆయన చెప్పినన్ని రోజులూ వేయించాలి.

చివరి డోసు తర్వాత లేబుల్ మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా ఆ పాలు అమ్మకండి, దూడకూ తాగించకండి. మందు కలిసిన పాలు తాగితే దాని పేగుల్లో నిరోధక బ్యాక్టీరియా బలపడుతుంది.