ఆట మధ్యలో ఆగిపోతే కార్డునే అనుమానించాలా?

ప్రశ్న: సార్, నా డెస్క్‌టాప్‌లో ఐ5-10400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. ఈ మధ్య ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొని పెట్టించాను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) పాతదే, 450 వాట్లు అని రాసి ఉంది. కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల వైరు అందులో లేకపోతే షాపులో కన్వర్టర్ వేసిచ్చారు. సినిమాలు, కాలేజీ ప్రాజెక్టు పని ఎంతసేపైనా బాగానే నడుస్తాయి. పెద్ద ఆట మొదలుపెడితే మాత్రం కాసేపటికే తెర నల్లబడి, దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. మానిటర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. విండోస్ లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తోంది. కార్డు పోయింది, మార్చాలి అంటున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

జవాబు: కార్డు మీద ఇప్పుడే ఒక్క రూపాయి కూడా పెట్టకండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట కన్వర్టర్. ముందు దాని సంగతి చూడాలి.

ఆర్‌టీఎక్స్ 3060 నిండా పనిచేసేటప్పుడు 170 వాట్ల దాకా లాగుతుంది. మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. మిగతాదంతా ఆ ఎనిమిది పిన్నుల ప్లగ్గు గుండా రావాలి. మీ కన్వర్టర్ సాటా ప్లగ్గు (హార్డ్‌డిస్కుకు కరెంటు ఇచ్చేది) నుంచి తీసినదైతే, ఆ ప్లగ్గు 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు. సినిమా చూసేటప్పుడు కార్డుకు పెద్దగా పని ఉండదు కాబట్టి లోపం బయటపడదు. ఆటలో బయటపడుతుంది. ఇలాంటి కన్వర్టర్లు కరిగిపోయి నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. పిల్లల చదువుకని కొన్న కంప్యూటర్లో ఇది పెట్టి పంపడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్గు తీసేసి, ఆ కన్వర్టర్‌ను వెలుతురులోకి తెచ్చి చూడండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, అంచు మెత్తబడి వంగినా, కాలిన వాసన వచ్చినా ఇక దాన్ని వాడవద్దు.

41 అన్న అంకెను చూసి భయపడకండి. సరిగా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ ఆగిపోయిందని మాత్రమే అది చెబుతుంది. కారణం చెప్పదు. కారణం తెలియాలంటే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అనే చోట టిక్కు తీసేయండి. అది ఉన్నంతకాలం విండోస్ లోపం చెప్పే నీలి తెర వచ్చినా మీకు చదివే వ్యవధి ఉండదు. టిక్కు తీశాక నీలి తెర వచ్చి నిలబడితే డ్రైవరునో ర్యామ్‌నో పట్టించుకోవాలి. నీలి తెర లేకుండా మళ్లీ అలాగే రీస్టార్ట్ అయితే కరెంటు సరఫరా మీదే నా అనుమానం.

కన్వర్టర్ చూపుకు బాగానే ఉంటే ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ఉంది. గ్రాఫిక్స్ కార్డును అదుపు చేసే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించండి. ఆటలో ఫ్రేములను సెకనుకు 60కి కట్టేయండి. అదే ఆట ఆగకుండా నడిచిందంటే ఎస్‌ఎంపీఎస్ ఆ భారం మోయలేకపోతోందన్నమాట. కార్డు ఒక్కో క్షణంలో తన సగటు వాడకం కంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపుకు నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లో వోల్టేజి పడిపోతుంది, మదర్‌బోర్డు రీసెట్ అవుతుంది. డబ్బా మీద రాసిన 450ని నమ్మి ఊరుకోవద్దు. దాని లేబుల్‌లో 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, దాన్ని 12తో గుణించండి. అసలు బలం అది. ఈ కార్డుకు తయారీదారు సూచించేది 550 వాట్లు. ఎనిమిది పిన్నుల వైరు సొంతంగా ఉన్న, పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్నది తీసుకోండి. పాతదాన్ని విప్పి చూడాలనుకోకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

తాడిపత్రి అన్నారు కాబట్టి ఇంకో మాట. పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఇల్లయితే బండల పొడి హీట్‌సింకు రేకుల మధ్య మెత్తటి పొరలా పేరుకుంటుంది. మామూలు దుమ్ములా ఊదితే పోదు. మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో కదిలించి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని బ్లోయరుతో ఊదాలి. పట్టుకోకపోతే ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పోతుంది. మే నెల మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలుంటే ప్రాసెసర్‌కు చల్లగాలి ఎక్కడిది? వేడిని చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూడండి, మీ ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరిందంటే తనే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఆట నత్తనడక నడుస్తుంది. మీరు చెప్పినట్టు చప్పున రీస్టార్ట్ కావడం వేడి లక్షణం కాదు. అయినా శుభ్రం చేయండి.

ప్రశ్న: ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది, కంప్యూటర్ మాత్రం ఆగదు. ఇదీ ఎస్‌ఎంపీఎస్ లోపమేనా? – గృహిణి, కర్నూలు (మా అబ్బాయి కోసం అడుగుతున్నాను)

జవాబు: అయ్యుండదు, అమ్మా. గ్రాఫిక్స్ డ్రైవరును పూర్తిగా తీసేసి కొత్తది వేయించండి. బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ఆపి చూడమనండి. అప్పటికీ ఆట మూసుకుపోతుంటే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపించమనండి. ఒక్క తప్పు కనిపించినా ర్యామ్ స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి, చెడ్డది ఏదో తేల్చుకోవాలి.