మీ ప్రశ్న – మా జవాబు: చెరువులో పరజలు, గట్టు మీద లాబ్రడార్

ప్రశ్న: మాది టెక్కలికి దగ్గరలోని ఒక పల్లెటూరు. మా ఇంట్లో పద్నాలుగు నెలల నల్ల లాబ్రడార్ ఉంది. చలికాలపు సాయంత్రాల్లో విదేశీయులు ఈ జాతి కుక్కలను వెంటబెట్టుకొని అడవి బాతుల వేటకు వెళ్లే వీడియోలు చూసినప్పటి నుంచి నాకూ ఆ కోరిక పట్టుకుంది. మా తాతగారు చెరువుల మీద పరజలను, అంటే అడవి బాతులను, కొట్టేవారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. డిసెంబరు వచ్చేసరికి మా ఊరి చెరువులో బాతులు గుంపులుగా వాలుతున్నాయి. ఎయిర్ గన్‌తో ఒకటి రెండు కొట్టి కుక్క చేత తెప్పిస్తే తప్పా? తప్పయితే, తుపాకీ లేకుండా కుక్కను మాత్రం వాటి మీదికి వదలవచ్చా? అసలు ఆ విద్య దానికి ఎలా నేర్పాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. తప్పే, అదీ జైలుకు పంపగల తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షను వేటను నిషేధించింది. చట్టం వచ్చాక కూడా కొన్నాళ్లు పక్షులు, చిన్న జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే వీలుండేది గాని, 1991 సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. మీ తాతగారి ముచ్చట ఆయన కాలానికి చెల్లింది, మీకు చెల్లదు. 2022 సవరణ ప్రకారం మామూలు నేరానికి మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పక్షి ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూలుకు చెందినదైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా ఉంటాయి. ఎయిర్ గన్నే కదా, ఫరవాలేదని చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఉండేలుతో కొట్టినా, ఉచ్చు పన్నినా, మందు కలిపిన గింజలు చల్లినా చట్టం లెక్కలో అన్నీ వేటే.

మీ రెండో ప్రశ్న చాలామందికి తట్టనిది. ఆ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టుకోవడంతో పాటు తరమడం, తోలడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా చేరి ఉన్నాయి. కాబట్టి చేతిలో కర్ర ముక్క కూడా లేకుండా గట్టు మీద నిలబడి, "ఊఁ, పట్టు" అని కుక్కను బాతుల మీదికి ఉసిగొల్పినా మీరు వేటాడినట్టే.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా అది కుక్కకు మంచి విద్య కాదు. నేను కళింగపట్నం వైపు పశువైద్యుడిగా పనిచేసిన రోజుల్లో నా లాబ్రడార్ ఒక సాయంత్రం గొలుసు తెంపుకొని చెరువులో దూకింది. గుంపంతా ఒక్కసారి లేచినప్పుడు వచ్చిన చప్పుడు, తడి గోనెపట్టాలను వందమంది కలిసి దులిపినట్టు, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కుక్కకు ఒక్క ఈక కూడా దొరకలేదు. తిరిగి వచ్చేటప్పుడు ముందుకాళ్లకు తామరతూళ్లు చుట్టుకొని, గట్టుకు ఇరవై గజాల దూరంలో మునుగుతూ తేలుతూ ఉండిపోయింది. నడుములోతు బురదలో దిగి దాన్ని లాక్కొచ్చేసరికి నా చెప్పులు రెండూ చెరువుపాలయ్యాయి. ఆ తరువాత నెల రోజుల పాటు అది నీళ్లు కనబడితే చాలు, నా మాట వినడం మానేసింది.

వీడియోలో మీరు చూసిన కుక్క చేస్తున్న పని తరమడం కాదని గమనించండి. రిట్రీవర్ అంటేనే తిరిగి తెచ్చేది అని అర్థం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల దగ్గర పెరిగిన నీటికుక్కలను పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌కు తీసుకుపోయి, అక్కడి ప్రభువులు ఈ జాతిని తీర్చిదిద్దారు. కుక్కజాతులను నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా 1903లో గుర్తించింది. నీరు లోపలికి దిగనివ్వని రెండు పొరల బొచ్చు, చుక్కానిలా పనిచేసే మొదలు లావైన తోక, వేళ్ల మధ్య పొర, పట్టినదాన్ని నలపని మెత్తని నోరు అన్నీ ఆ పని కోసం ఎంచి పెంచినవే.

బాతులు పగలంతా పెద్ద నీటిలో విశ్రాంతి తీసుకొని, పొద్దు గుంకాక మేత కోసం తడి పొలాలకు ఎగురుతాయి. వేటకు అనుమతి ఉన్న బ్రిటన్‌లో వేటగాడు ఆ దారిలో మాటు వేస్తాడు. అసలు సందడి మసక చీకటి పడే అరగంటలోనే. అంతవరకు కుక్క అతని మోకాలి పక్కన కదలకుండా, కుయ్యిమనకుండా చలిలో కూర్చోవాలి. రెక్కల చప్పుడు మనకంటే ముందు దానికే వినబడుతుంది. చెవులు నిక్కుతాయి, ముక్కు ఆకాశం వైపు తిరుగుతుంది, ఒళ్లు సన్నగా వణుకుతుంది, అయినా లేవదు. పక్షి పడిన చోటును కంటితో గుర్తు పెట్టుకొని, ఆజ్ఞ అయ్యాకే వెళ్లి, తెచ్చి చేతిలో పెడుతుంది. నన్నడిగితే ఈ విద్యలో ముప్పాతిక వంతు కూర్చోవడమే. అక్కడ కూడా వేటకు హద్దులున్నాయి. నీటి అడుగున పడిన సీసపు రవ్వలను బాతులు గులకరాళ్లనుకొని మింగి విషం ఎక్కి చస్తున్నాయని, ఇంగ్లండులో 1999 నుంచి నీటిపక్షుల మీద సీసపు గుళ్లను నిషేధించారు.

ఇక నేర్పడం సంగతి. పాత తువ్వాలును గట్టిగా చుట్టి, పైన గోనెగుడ్డ కుట్టి, అర కిలోకు మించని డమ్మీ ఒకటి తయారు చేయండి. నీటి కోసమైతే లోపల మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టండి, తేలుతుంది. ఎర్రరంగు వేయకండి, మన కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే ఎరుపు కుక్కకు మట్టిరంగులో కలిసిపోతుంది. సగం తెలుపు, సగం నలుపు అయితే ఏ వెలుగులోనైనా దానికి కనబడుతుంది. మొదటి వారాల్లో నీళ్ల జోలికి పోకుండా, పంట కోసిన మడిలో కుక్కను కూర్చోబెట్టి, డమ్మీని విసిరి, కొన్నిసార్లు మీరే వెళ్లి తెచ్చుకోండి. విసిరిన ప్రతిదీ తనది కాదని అది తెలుసుకోవాలి. తెచ్చినప్పుడు నోట్లోంచి గుంజకండి, గుడ్డతో లాగుడుపోటీలు ఆడకండి. నోరు గట్టిపడేది అక్కడే. అయిదారుసార్లు చాలు. ఇంకా ఉత్సాహం ఉండగానే ఆపేస్తే మరునాడు గొలుసు తీస్తుండగానే అది మడి వైపు లాగుతుంది. కోతలయ్యాక పొలాల్లోకి పెంపుడు బాతుల మందలు వస్తుంటాయి, ఆ వైపు వెళ్లకండి. కాపరికి నష్టపరిహారం ఇచ్చుకోవలసి వస్తే అది న్యాయమే.

నీటి పాఠానికి బాతులు వాలే పెద్ద చెరువును వదిలేసి, పక్షులు లేని చిన్న బందనో, నిదానంగా పారే గెడ్డనో చూసుకోండి. గుర్రపుడెక్క, తామర అల్లుకున్న చోట, వలలు కట్టిన చోట, మదుము తెరిచి నీరు లాగుతున్న చోట దింపకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా ఉంది, ముందే వేయించండి. బయటికి వచ్చాక ఒళ్లంతా, ముఖ్యంగా చెవుల లోపలి మడతలు తుడవండి.

బాతులను చూడాలనుకుంటే మీకు దూరం పోనక్కరలేదు. సూదితోక బాతులు, చెంచా మూతి బాతులు ఉత్తరాది నుంచి చలికాలంలో మన నీటికి దిగుతాయి. ఇతర నీటిపక్షులకైతే మీ టెక్కలి మండలంలోనే పక్షుల ఊరు తేలినీలాపురం ఉంది. అక్కడి గూడబాతులను (పెలికాన్లను), ఎర్రకాళ్ల కొంగలను సైబీరియా అతిథులని రాయడం అలవాటైంది గాని, ఆ రెండూ మన దేశంలోనే బతికే పక్షులు, ఆ ఊరికి గూళ్లు కట్టడానికి వస్తాయి. ఊరివాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అక్కడికి వెళ్లినప్పుడు మాత్రం మీ లాబ్రడార్‌ను ఇంట్లోనే కట్టేసి వెళ్లండి.

ప్రశ్న: మా గోల్డెన్ రిట్రీవర్ ఆదివారం సాయంత్రం గంటన్నర సేపు గెడ్డలో ఈదుతూ బంతి తెచ్చింది. సోమవారం పొద్దుటికి తోక మొదట్లో రెండంగుళాలు నిటారుగా ఉండి, మిగతాది తాడులా వేలాడింది. విరిగిందేమో అని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చాలావరకు విరగలేదనే చెప్పవచ్చు. చన్నీళ్లలో ఎక్కువసేపు ఈదినప్పుడు తోక మొదట్లోని కండరాలు దెబ్బతిని ఇలా వేలాడుతుంది. రిట్రీవర్లలో ఇది తరచు కనబడేదే. వారం పది రోజులు విశ్రాంతి ఇస్తే సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది. నొప్పికి మనుషులు వాడే మాత్రలు, పారాసిటమాల్ అయినా సరే, మీ అంతట మీరు వేయకండి. దెబ్బ తగిలినట్టు అనుమానం ఉన్నా, మలవిసర్జనకు ఇబ్బంది పడుతున్నా, నాలుగు రోజులకు కొంచెమైనా తగ్గకపోయినా దగ్గరలోని పశువైద్యుడికి చూపించండి. తోక మళ్లీ ఆడించడం మొదలుపెట్టాక ఈత పది నిమిషాలతో ఆరంభించండి.