చేతిపంపు నీటిలోని ఆర్సెనిక్ జన్యువులను మార్చేస్తుందా?

ప్రశ్న: మేము ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం. నదియా జిల్లాలోని అత్తవారింట మా అమ్మాయి 12 ఏళ్లు చేతిపంపు నీళ్లే తాగింది. పరీక్షలో ఆర్సెనిక్ ఉందని తేలి ఆ పంపుకు ఎర్రరంగు వేశారు. ఏడాదిగా తాగడానికి కుళాయి నీళ్లు వాడుతున్నారు. ఈ విషం జన్యువులను మార్చేస్తుందని, పిల్లలకూ సంక్రమిస్తుందని ఎవరో అన్నారు. నిజమేనా?
– ఒక తల్లి, ఖరగ్‌పూర్

జవాబు: అమ్మా, మీ భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ మాటలో సగమే నిజం ఉంది. మన పెద్దలు పాషాణమన్న ఈ విషం జన్యువులోని అక్షరాలను మార్చడం కన్నా, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఊరుకోవాలో తెలిపే రసాయనిక గుర్తులను తారుమారు చేయడమే ఎక్కువ. ఆ గుర్తుల్లో ముఖ్యమైనది మిథైల్ అనే చిన్న రసాయన తునక. ఒంట్లో చేరిన ఆర్సెనిక్‌ను మూత్రంలో బయటికి పంపడానికి కాలేయం దానికి తగిలించేదీ ఈ మిథైలే. కాబట్టి ఏళ్ల తరబడి విషం వస్తూనే ఉంటే జన్యువుల మీద గుర్తులు చెదిరి, కొన్నిచోట్ల తగ్గిపోతాయి, మరికొన్నిచోట్ల పేరుకుపోతాయి. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53, పీ16 జన్యువుల మీద ఇలా పేరుకోవడాన్ని పశ్చిమ బెంగాల్ బాధితుల్లోనే పరిశోధకులు గమనించారు.

గర్భిణి తాగిన ఆర్సెనిక్ మాయను దాటి బిడ్డను చేరుతుంది. బంగ్లాదేశ్‌లో శిశువుల బొడ్డుతాడు రక్తంలోనూ మిథైల్ గుర్తుల తేడాలు కనిపించాయి. అయితే ఇవి మనుషుల్లో తరతరాలకూ సంక్రమిస్తాయని రుజువు కాలేదు. కాబట్టి మనవలకు అది వారసత్వంగా వస్తుందన్న దిగులు పెట్టుకోకండి.

అమ్మాయి గురించి మాత్రం ఏమరుపాటు వద్దు. చిలీలోని ఆంటోఫగాస్టా నగరంలో 1958 నుంచి 1970 వరకు జనం ఆర్సెనిక్ నీరు తాగారు. శుద్ధి కేంద్రం పెట్టి దాదాపు 40 ఏళ్లయ్యాక కూడా అక్కడ ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లు ఎక్కువగానే కనిపించాయి. అందుకే అరచేతులు, అరికాళ్లలో ఆనెకాయల్లాంటి గట్టి బుడిపెలు, ఒంటిమీద చినుకులు పడ్డట్టు మచ్చలు ఉన్నాయేమో వైద్యునికి చూపించి, పాత సంగతంతా చెప్పి, ఏటా పరీక్ష చేయించండి. ఒంట్లో మిథైల్ సరఫరాకు ఫోలేట్ అనే బి విటమిన్ అవసరం. అది తక్కువగా ఉన్న బంగ్లాదేశ్ వాసులకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తే 12 వారాల్లో రక్తంలో ఆర్సెనిక్ తగ్గిందని 2007లో ప్రచురించారు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు బాగా తిననివ్వండి. మాత్రలు వైద్యుడు చెబితేనే.

తాగడానికి కుళాయి నీళ్లన్నారు గానీ, వంటకేవో రాయలేదు. అది తప్పక అడగండి. మరగబెడితే ఆర్సెనిక్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది; ఎర్రరంగు పంపు నీళ్లతో వండితే గంజి వార్చినా ఆ విషం అన్నంలోకి ఎక్కే ఉంటుంది.