మనుషుల్ని వేటాడే యంత్రాల కథతో నడిచే హాలీవుడ్ సినిమాల సిరీస్ టెర్మినేటర్ మళ్లీ వస్తుందంటే ఫ్యాన్స్ సంతోషించకుండా ఎందుకు భయపడతారు?

ఎందుకంటే కథ 1991లోనే ముగిసిపోయింది. రెండో భాగం చివర్లో, యంత్రాల తిరుగుబాటుకు మూలమైన చిప్‌లు కరిగిన ఉక్కులో కాలిపోయాయి, యంత్రాలు మనుషుల మీదికి తెచ్చే ప్రళయం తప్పింది. ఆ తర్వాత ఏ సీక్వెల్ తీయాలన్నా ముందు ఆ గెలుపును రద్దు చేయాలి. 2003 సినిమా ప్రళయాన్ని ఆపలేం, వాయిదా వేయగలం అంతే అంది. 2019లో వచ్చిన డార్క్ ఫేట్ అయితే మొదట్లోనే, యంత్రాలపై పోరాటానికి నాయకుడు కావాల్సిన జాన్ కానర్‌ని చంపేసింది. ఏ పిల్లాడి కోసం రెండు సినిమాలు ఊపిరి బిగబట్టి చూశామో, వాడినే! నాకు ఆ గాయం ఇంకా మానలేదు. మొదటి రెండు భాగాల దర్శకుడు జేమ్స్ కామెరాన్ నిర్మాతగా, లిండా హామిల్టన్ జాన్ తల్లి సారాగా తిరిగొచ్చినా ఆ సినిమా నష్టాలే తెచ్చింది. పాత ముఖాలు వస్తే చాలదని అప్పుడే తేలిపోయింది.

మరి ఆశ దేనికంటారా? మ్యాడ్ మ్యాక్స్ సినిమాల సిరీస్ చూడండి. 1985లో వచ్చిన మూడో భాగం తర్వాత 30 ఏళ్లకు అదే దర్శకుడు జార్జ్ మిల్లర్ కొత్త హీరోతో ఫ్యూరీ రోడ్ తీస్తే ఆరు ఆస్కార్లు వచ్చాయి. అందులో పాత కథ ముగింపును చెరపలేదు, ఆ లోకంలోనే కొత్త ప్రయాణం మొదలుపెట్టారు. టెర్మినేటర్‌కీ అదే దారి. కానర్ కుటుంబాన్ని ఇక వదిలేసి, యంత్రం వెంటాడుతుంటే కలిగే ఆ మొదటి సినిమా భయాన్ని, చిన్న బడ్జెట్‌లోనైనా సరే, వెనక్కి తేవాలి.