ఫోన్ గుంజుకోనని ముందే మాటివ్వండి

ప్రశ్న: మా బిడ్డ తొమ్మిదో తరగతి. ఇన్‌స్టాగ్రామ్ పెట్టుకుందని ఈ మధ్యనే తెలిసింది. దగ్గరికి పోతే స్క్రీన్ తిప్పేస్తున్నది. తనకు తెలియకుండా ఫోన్‌లో ఒక యాప్ వేస్తే చాటింగ్ అంతా నాకు కనబడుతదని మా ఆడబిడ్డ అంటున్నది. వేయమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వేయకండి. అలాంటి దొంగచాటు యాప్‌లను ఎక్కువగా ప్లే స్టోర్ బయటి నుంచి, ప్రమాదకర యాప్‌లను పట్టే గూగుల్ కాపలా ‘ప్లే ప్రొటెక్ట్’ను ఆపేసి ఎక్కించమంటారు. స్క్రీన్ మీద కనబడేదంతా చదివే ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతాయి. అది ఇచ్చాక మీ బిడ్డ ఫొటోలు, మెసేజ్‌లు, ఓటీపీలు ఎవరి సర్వర్‌కు పోతున్నాయో మీకు తెలియదు. పైగా ఈ వయసు పిల్లలు ఆ సంగతి ఇట్టే కనిపెడతారు. ఆ తర్వాత స్నేహితురాలి ఫోన్‌లో ఇంకో ఖాతా తెరిస్తే, అది మీ కంట పడదు.

ఒక ఆదివారం అరగంట పక్కన కూర్చోండి. ఫోన్ ఆమె చేతిలోనే ఉండనివ్వండి. ముందు చూడాల్సింది పుట్టిన సంవత్సరం. ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. అంతకంటే ముందే ఖాతా తెరవాలని చాలామంది పిల్లలు 2004 అనో 2005 అనో కొట్టేస్తారు. అప్పుడు ఆ యాప్ లెక్కలో మీ అమ్మాయి పెద్దది, టీన్ రక్షణలు ఏవీ వర్తించవు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌లోకి పోయి సరిచేయించండి. గుర్తింపు కార్డు అడిగితే అడగవచ్చు.

మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకు టీన్ అకౌంట్లు వచ్చాయి. ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు మోగవు. 16 ఏళ్లు నిండనివాళ్లు వీటిని సడలించుకోవాలంటే మీ అనుమతి కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో తల్లిదండ్రుల కోసం ఉన్న ‘ఫ్యామిలీ సెంటర్’ నుంచి ఆమెకు ఆహ్వానం పంపండి. ఆమె ఒప్పుకుంటే, గడిచిన 7 రోజుల్లో ఎవరెవరితో మెసేజ్‌లు నడిచాయో మీకు కనిపిస్తుంది. ఏం రాసుకున్నారో కనిపించదు. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ హద్దు న్యాయమైనదే అని మా అభిప్రాయం.

వాట్సాప్‌లో ప్రైవసీలోకి పోయి గ్రూప్స్, ప్రొఫైల్ ఫొటో రెండూ ‘మై కాంటాక్ట్స్’కు మార్చండి. ట్యూషన్ గ్రూపుల్లో పిల్ల నంబరు వందమందికి తెలిసిపోతుంది కాబట్టి ఇది తప్పనిసరి. బతుకమ్మ ఆడిన వీడియో పెట్టుకుంటానంటే కాదనకండి. స్కూలు పేరు, ఇంటి గల్లీ కనబడకుండా, ఇంటికొచ్చాక పెట్టమనండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి మీ నోటితో అనాలి: “ఏదన్న తేడా వస్తే నాకు చెప్పు బిడ్డా. చెప్పినందుకు ఫోన్ గుంజుకోను.” ఫొటో చూపించి బెదిరించేవాడి బలమంతా ఈ భయంలోనే ఉంటుంది. ఇంట్లో తెలిస్తే ఫోన్ పోతుంది, చదువు మాన్పిస్తారు అనుకునే పిల్ల వాడు అడిగిందల్లా ఇస్తూ పోతుంది.

అలాంటిది జరిగితే పైసలు పంపొద్దు, చాట్ చెరపొద్దు. యూజర్ నేమ్, ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం పడేటట్టు స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేస్తే ఆధారం దొరకక ఇబ్బంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై నేరాలకు వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930, పిల్లల సాయానికి 1098. 18 ఏళ్లలోపు వాళ్ల నగ్న చిత్రాలు వ్యాపించకుండా ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ ముద్ర (ఫొటోను గుర్తుపట్టే ఒక కోడ్) మాత్రమే పోతుంది. ఆ ఫొటోను మేనమామకో, లాయరుకో సలహా కోసమైనా ఫార్వర్డ్ చేయొద్దు. పిల్లల అలాంటి చిత్రాలు పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. పోలీసులకు అదే ఫోన్‌లో చూపించండి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా కొడుకు ఆట కోసం నా ఫోన్ నుంచి 1,800 రూపాయలు కట్టిండు. అడిగితే చిన్న ఆటే అంటున్నడు. ఎట్ల తెలుసుకోవాలె?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ప్లే స్టోర్‌లో పేమెంట్స్ విభాగంలో కొనుగోళ్ల చరిత్ర చూడండి. అక్కడ ఆట పేరుతో కనిపిస్తే ఆటలో వాడే డైమండ్లో, తుపాకీ బొమ్మలో కొన్నాడు. 48 గంటలు దాటకముందే గూగుల్‌కు రీఫండ్ అర్జీ పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వేలిముద్ర అడిగేలా మార్చండి.

అక్కడ లేకుండా, మీ యూపీఐలో తెలియని వ్యక్తి పేరుకు పోయి ఉంటే అది పందెం ఆట కావచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ముందు యూపీఐ పిన్ మార్చి, ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే) అనుమతులు ఏమైనా ఉంటే రద్దు చేయండి. కొట్టకుండా, తిట్టకుండా అడగాల్సినవి రెండే: ఇంకెవరికైనా బాకీ ఉన్నావా? లోన్ యాప్ ఏదైనా వేశావా? ఉన్నదంటే ఆ అప్పు సంగతి ఈరోజే తేల్చండి, ఆట ముచ్చట రేపు మాట్లాడుకోవచ్చు.