మీరడిగారు: మోకాళ్ళ మీద 18 సెకన్లు

ప్రశ్న: ఊదారంగు బట్టలేసుకున్న ఒక జంట మంచు మీద డాన్స్ చేసే పాత వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది. మొదట చాలాసేపు మోకాళ్ళ మీదే ఊగుతుంటారు, లేవరు. ఎందుకలా? వాళ్ళు భార్యాభర్తలేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చూసింది జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్‌లని అమ్మా. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ వాళ్ళు. 1984 ఫిబ్రవరి 14న సారయెవో ఒలింపిక్స్‌లో, రావెల్ స్వరపరిచిన ‘బొలెరో’కి చేసిన డాన్స్ అది. మోకాళ్ళ వెనక ఒక లెక్కుంది. ఆ సంగీతం మొత్తం వాయిస్తే పావుగంట పైనే పడుతుంది, వీళ్ళు ఎంత కత్తిరించినా 4 నిమిషాల 28 సెకన్ల కంటే తగ్గలేదు, రూలేమో 4 నిమిషాల 10 సెకన్లు దాటకూడదని. అయితే టైము లెక్కపెట్టడం మొదలయ్యేది స్కేటు బ్లేడు మంచుకి ఆని స్కేటింగ్ మొదలైనప్పుడు. బ్లేడు ఆనించకపోతే సరి కదా అని ఆ 18 సెకన్లూ మోకాళ్ళ మీదే కానిచ్చేశారు! నన్నడిగితే మొత్తం డాన్స్‌లో నాకు బాగా నచ్చే ముక్క అదే. మార్కులు అప్పట్లో ఆరుకి వేసేవారు, కళాత్మకతకి తొమ్మిది మంది జడ్జీలూ ఆరుకి ఆరు వేశారు, టెక్నిక్‌కి ఇంకో మూడు ఆర్లు పడ్డాయి.

భార్యాభర్తలు కారు. వాళ్ళు ఒకరినొకరు చూసుకునే తీరు చూసి లోకమంతా అదే అడిగింది లెండి. ఎవరి పెళ్ళిళ్ళు వాళ్ళు వేరేగా చేసుకున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఈమధ్య ఐస్ డాన్స్ పిచ్చి పట్టుకుంది. దాన్ని నమ్ముకుని బతకొచ్చా సార్?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: పేరొచ్చేదాకా డబ్బు మనమే పెట్టుకోవాలి, అదీ చేతినిండా. పై ప్రశ్నలోని జంటనే చూడండి, ఆమె బీమా ఆఫీసులో గుమస్తా, ఆయన పోలీసు కానిస్టేబుల్, డ్యూటీలు సర్దుకుంటూ దొరికిన వేళల్లో ప్రాక్టీసు. నాటింగ్‌హామ్ నగర కౌన్సిల్ గ్రాంటు ఇచ్చాకే పూర్తిగా దీనిమీదే ఉండగలిగారు. సారయెవోలో బంగారం గెలిచాక ప్రొఫెషనల్స్‌గా మారి షోలతో బాగానే సంపాదించారు, కాకపోతే అప్పటి నియమాల వల్ల ఒలింపిక్స్‌కి దూరమయ్యారు. నియమం సడలాక 1994లో, ముప్పై అయిదు దాటిన వయసులో, లిల్లెహామర్ ఒలింపిక్స్‌కి మళ్ళీ వచ్చి కంచు పట్టుకెళ్ళారు. 2006లో మొదలుపెట్టి చాలా ఏళ్ళు టీవీ షో కూడా చేశారు.

డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు జోడీ. ఈ ఆటలో ఒక్కరే ఎంత బాగా ఆడినా కుదరదు. కెనడాకి చెందిన టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్‌లని 1997లో జత కలిపింది స్కాట్ వాళ్ళ బంధువే, అప్పటికి ఆ పిల్లకి ఏడు, పిల్లాడికి తొమ్మిది. 2019లో రిటైరయ్యేదాకా జోడీ మారలేదు. మూడు బంగారాలు, రెండు వెండి పతకాలు ఒలింపిక్స్‌లోనే. ఈ మధ్యలో 2008లో టెస్సాకి కాళ్ళ నొప్పికి సర్జరీ అయితే, ఆమె కోలుకునేదాకా స్కాట్ ఇసుక సంచులనీ హాకీ కర్రలనీ జోడీగా పెట్టుకుని ప్రాక్టీసు చేశాడు. రెండేళ్ళలో వాంకూవర్ ఒలింపిక్స్‌లో బంగారం వచ్చింది. కాబట్టి అమ్మాయికి కోచ్‌ని వెతికేటప్పుడే, ఆ వయసు కుర్రాడు, వాళ్ళింట్లో వాళ్ళు కూడా పదేళ్ళు అంటిపెట్టుకుని ఉంటారా అన్నది అడగండి. అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ, పేచీ అక్కడే వస్తుంది. ప్రస్తుతానికి రోలర్ మాన్పించకండి, బ్యాలెన్సు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఐస్ డాన్స్‌లో గాల్లో నాలుగు చుట్లు తిరగరేం? అంత ఈజీనా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అమ్మాయిని గాల్లోకి విసరడం, తలపైన ఎత్తి పట్టుకోవడం జంట స్కేటింగ్‌లో ఉంటాయి, అది వేరే పోటీ. 1976లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఐస్ డాన్స్‌లో జడ్జీల కళ్ళు ఎక్కువగా పాదాల మీదే. బ్లేడుకి లోపలి అంచు, బయటి అంచు అని రెండుంటాయి, ఏ అడుగులో ఏ అంచు మీద ఉన్నారో తెలిసిపోతుంది. ట్విజిల్ అని ఒకటుంది, ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూనే ముందుకు సాగాలి, ఇద్దరూ పక్కపక్కనే, ఒకే లయలో. ఒకరు అర చుట్టు వెనకబడ్డా టీవీలో చూస్తున్న మనకే తెలుస్తుంది, ఇక జడ్జీలు వదులుతారా?